రవాల్ గుర్రం కాంటర్ అందుకోకపోవడం మొండితనం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక జిల్లా అనుబంధంలో ఇటీవల గుర్రాల పెంపకం మీద వచ్చిన కథనాన్ని ఆసక్తితో చదివాను. హన్మకొండ, పరకాల, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల యువకులు లక్షలు వెచ్చించి మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలను తెచ్చుకుంటున్న సంగతినీ, బరాత్‌లకూ దసరా ఊరేగింపులకూ వాటికి పెరిగిన గిరాకీనీ అందులో బాగా చెప్పారు. అయితే రవాల్ చాల్ (నడక తీరు) ఉన్న గుర్రాలు పుట్టుకతోనే మొండివనీ, కొరడా తగిలితే తప్ప కాంటర్ అనే నెమ్మదైన దౌడు అందుకోవనీ ఒక యజమాని చెప్పిన మాటను, దానికి ఏ వివరణా చేర్చకుండా అచ్చు వేశారు. చాలాకాలంగా గుర్రపు సవారీ నేర్పుతున్న వాడిగా ఆ మాటను అలా వదిలేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే మన ప్రాంతంలో గుర్రాల నోళ్ళు చీలడానికీ, వీపులు పుండ్లు పడడానికీ, సవారులు కింద పడి చేతులు విరగ్గొట్టుకోవడానికీ సగం కారణం ఈ ఒక్క నమ్మకమే.

ముందుగా రవాల్ అంటే ఏమిటో, అది తెలియని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. సాధారణంగా గుర్రం నడక నుంచి వేగం పెంచితే దుల్కీ అందుకుంటుంది. అందులో ఎడమ ముందు కాలు, కుడి వెనక కాలు ఒక జత, మిగిలిన రెండూ మరో జతగా కదులుతాయి, సవారు ప్రతి అడుగుకూ జీను మీద ఎగిరి పడతాడు. రవాల్ గుర్రం అలా చేయదు. ఒక వైపు వెనక కాలు, దాని వెంటనే అదే వైపు ముందు కాలు, తరువాత రెండో వైపు కాళ్ళు, ఇలా నాలుగు కాళ్ళనూ విడివిడిగా వేస్తూ, వీపు దాదాపు కదలకుండా, మంచి వేగంతో సాగిపోతుంది. రాజస్థాన్, గుజరాత్‌లలో దూరప్రయాణానికి ఈ చాల్‌ను అంతగా కోరుకోవడానికి కారణం ఈ సుఖమే. చెవితో వింటే తేడా ఇంకా తేలికగా తెలుస్తుంది: నడకా రవాలూ "తకధిమి" వలె నాలుగు దెబ్బలు, దుల్కీ రెండు దెబ్బలు, కాంటర్ మాత్రం "తకిట, తకిట" అని మూడు దెబ్బలు, ప్రతి మూడింటి తరువాతా చిన్న విరామం. ఆ విరామంలో గుర్రం నాలుగు కాళ్ళూ ఒక్క క్షణం గాలిలో ఉంటాయి.

చిక్కంతా ఆ మూడు దెబ్బల దగ్గరే ఉంది. ఎడమ వైపు తిరుగుతూ కాంటర్ చేసే గుర్రం మొదట కుడి వెనక కాలు మోపుతుంది, తరువాత ఎడమ వెనక కాలునూ కుడి ముందు కాలునూ ఒకేసారి మోపుతుంది, చివరికి ఎడమ ముందు కాలు చాస్తుంది. అంటే మధ్య దెబ్బలో అడ్డకోణంలో ఉన్న రెండు కాళ్ళు కలిసి పడాలి. రవాల్ గుర్రం శరీరమేమో ఒకే వైపు కాళ్ళను ఒకదాని వెంట ఒకటి వేయడానికి అలవాటు పడి ఉంటుంది. దాన్ని తోలిన కొద్దీ అది రవాల్‌నే ఇంకా వేగంగా చేస్తుంది. ఇంకా తోలితే ఒక వైపు రెండు కాళ్ళూ కలిసి లేచి, కలిసి పడి, శరీరం పక్కలకు ఊగడం మొదలవుతుంది. ఆ స్థితి నుంచి కాంటర్‌లోని అడ్డకోణపు జత మరింత దూరం. చివరికి తట్టుకోలేక గుర్రం ముందు కాళ్ళతో ఒక పద్ధతిలో, వెనక కాళ్ళతో మరో పద్ధతిలో దూకుతుంది, లేదా తల పైకెత్తి, వీపు పల్లం చేసి, ఏకంగా సర్పట్ దౌడులో, అంటే పూర్తి వేగపు పరుగులో, పడిపోతుంది. దాన్నే మన వాళ్ళు "లేచిపోయింది" అంటారు. ఆ పరుగు ధైర్యం వల్ల వచ్చింది కాదు, తడబాటు వల్ల వచ్చింది.

ఇందులో పుట్టుక పాత్ర లేదని నేను అనడం లేదు. 2012లో 'నేచర్' పత్రికలో వెలువడిన పరిశోధన ఒకటి, డీఎంఆర్‌టీ3 అనే జన్యువులోని ఒక మార్పు గుర్రం వెన్నుపాములో కాళ్ళ కదలికలను సమన్వయం చేసే నాడీ వలయాలను ప్రభావితం చేస్తుందనీ, ఐస్లాండ్ గుర్రాల ప్రత్యేక చాల్‌లకు అది మూలమనీ చూపింది. బండి పందేల కోసం పెంచే దుల్కీ గుర్రాలు ఎంత వేగం పెంచినా సర్పట్‌లోకి మారకుండా ఉండడానికి కూడా ఆ మార్పే తోడ్పడుతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ మార్పును పొందిన ఐస్లాండ్ గుర్రాలకు వాటి ప్రత్యేక చాల్‌లలో మంచి మార్కులూ, దుల్కీలోనూ కాంటర్‌లోనూ కొంత తక్కువ మార్కులూ వస్తాయని కూడా తరువాత గమనించారు. అయినా ఐస్లాండ్‌లో ఆ గుర్రాలకు కాంటర్ నేర్పుతూనే ఉన్నారు, పోటీలలో చూపుతూనే ఉన్నారు. పుట్టుక కష్టాన్ని పెంచుతుందే గాని దారిని మూసివేయదు. కష్టంగా ఉన్న పనిని చేయలేకపోతున్న జీవిని మొండిదని పిలవడం మాత్రం మన తప్పు.

మన దగ్గర ఈ కష్టం రెట్టింపు కావడానికి మరో కారణం ఉంది. ఇక్కడికి వచ్చే గుర్రాలలో చాలా భాగం మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా లోహా తాలూకాలోని మాలెగావ్ ఖండోబా యాత్ర నుంచీ, నందుర్బార్ జిల్లా సారంగ్‌ఖేడా జాతర నుంచీ వస్తాయి. (ఐనవోలు మల్లన్నకు మొక్కే వాళ్ళకు, మల్లన్నకే మరాఠీ రూపమైన ఖండోబా కొత్త దేవుడేమీ కాదు కనుక, మాలెగావ్ వెళ్ళిన వాళ్ళు దర్శనమూ బేరమూ ఒకే ప్రయాణంలో ముగించుకొని వస్తారు.) అక్కడ అమ్మకానికి నిలబెట్టిన గుర్రం ఎంత ఎత్తుగా మెడ లేపితే, ఎంత చురుగ్గా ముందు కాళ్ళు ఎగరేస్తే అంత ధర. అందుకోసం వాటికి చిన్నప్పటి నుంచే నాచ్ నేర్పుతారు: లగామును పైకి గుంజి పట్టి, కాళ్ళ మీద బెత్తంతో తడుతూ, డోలు దెబ్బలకు ఉన్నచోటే ఎగిరేలా చేస్తారు. అలా పెరిగిన గుర్రానికి నోటిలో ఇనుము కదిలితే తల ఎత్తాలనీ, కాలితో నొక్కితే ఎగరాలనీ తప్ప మరో అర్థం తెలియదు. అటువంటి గుర్రాన్ని కొని తెచ్చి, మరునాడే చెరువు శిఖంలోకి తోలుకుపోయి మడమలతో పొడిస్తే అది ప్రశాంతంగా కాంటర్ చేస్తుందని ఎలా ఆశించగలం?

దీనికి తోడు కాంటా లగాము. లోపలి వైపు ముళ్ళు, పళ్ళు ఉన్న ఈ ఇనుప కడ్డీని ఆపలేని గుర్రానికి మందుగా భావించి వాడుతున్నారు. గుర్రం నాలుకా, కింది దవడలో పళ్ళు లేని చోట ఎముక మీద పరుచుకున్న పలుచని చిగురూ ఎంత సున్నితమైనవో ఒకసారి వేలితో తాకి చూసిన వారికెవరికైనా తెలుస్తుంది. ఆ నొప్పి నుంచి తప్పించుకోవడానికి గుర్రం తల ఎత్తి, నోరు తెరిచి, ఇంకా వేగంగా పరుగెడుతుంది. సవారు ఇంకా గుంజుతాడు. ముళ్ళు, బుడిపెలు, మొనలు ఉన్న లగాములనూ సామగ్రినీ వాడడాన్ని బరువు లాగే, మోసే జంతువుల పట్ల క్రూరత్వ నివారణకు కేంద్రం చేసిన 1965 నాటి నియమాలలో 8వ నియమం స్పష్టంగా నిషేధించింది. సవారీకి వాడే జంతువులకూ ఆ నియమం వర్తిస్తుంది. అరవై ఏళ్ళ కిందటి నిషేధం ఇది. అయినా జాతర దుకాణాలలో ఈ లగాములు వరుసగా వేలాడుతూనే ఉంటాయి. చట్టం మాట పక్కన పెట్టినా, ముళ్ళ లగాముతో ఏ గుర్రమూ నెమ్మదైన కాంటర్ నేర్చుకున్నది లేదు.

కాంటర్ నేర్పాలనుకునే యజమాని మొదట చూడవలసింది గుర్రం శరీరం. పళ్ళ అంచులు పదునెక్కి బుగ్గలను కోస్తున్నాయేమో పశువైద్యుని చేత చూపించాలి. జీను తీసిన తరువాత చెమట తడి ఎలా ఉందో గమనించాలి: చుట్టూ తడిసి మధ్యలో పొడి మచ్చ మిగిలితే అక్కడ జీను బరువంతా నొక్కుతున్నదని అర్థం, ఆ చోట తెల్ల వెంట్రుకలు మొలిచి ఉంటే ఆ నొక్కుడు పాతదని అర్థం. వెన్నెముకకు రెండు వైపులా వేళ్ళతో మెల్లగా నొక్కుతూ పోతే నొప్పి ఉన్నచోట గుర్రం చటుక్కున వీపు దించుతుంది, లేదా తోక ఝాడిస్తుంది. రెండేళ్ళు కూడా నిండని పిల్లల మీద ఎక్కి పరుగెత్తించడం మన దగ్గర గొప్పగా చెప్పుకుంటారు గాని, గుర్రం వెన్నెముకలోని ఎదుగుదల అంచులు గట్టిపడడానికి ఐదేళ్ళు దాటుతుంది; మూడేళ్ళు నిండేదాకా ఎక్కకపోవడం, నాలుగేళ్ళ వరకు కాంటర్ జోలికి పోకపోవడం మంచిదని నా అభిప్రాయం. దాణా సంగతి కూడా చూడాలి. రోజంతా కట్టేసి ఉంచి, పొద్దునా సాయంత్రమూ ఉలవలూ శనగలూ దండిగా పెట్టి, వారానికి ఒక రోజు విప్పి ఎక్కితే అది ఎగరకేం చేస్తుంది? పనికి తగిన దాణా, కడుపునిండా గడ్డీ చొప్పా, రోజూ కొంతసేపు విడిచి తిరగనిచ్చే జాగా ఉంటే సగం దూకుడు అక్కడే తగ్గుతుంది.

ఇక నేర్పే విషయానికి వస్తాను. కాంటర్‌కు పునాది పరుగులో లేదు, నడకలో ఉంది. పగ్గాలు వదులుగా ఉంచినా గుర్రం తల కిందికి చాచి, నడుము ఊపుతూ, నింపాదిగా నాలుగు దెబ్బల నడక నడవగలగాలి. సవారు ఊపిరి వదిలి కూర్చుంటే వేగం తగ్గించాలి. ఒక పగ్గాన్ని కొద్దిగా పక్కకు తీస్తే మెడ వంచాలి. ఒక వైపు కాలు తగిలితే వెనక కాళ్ళను రెండో వైపుకు అడ్డంగా దాటుతూ జరగాలి. ఈ అడ్డంగా జరగడాన్ని తేలికగా తీసుకోకూడదు. ఒకే వైపు కాళ్ళను కలిపి వేసే అలవాటును విడదీసేదీ, ఒక్కొక్క వెనక కాలునూ కడుపు కిందికి తెచ్చి బరువు మోయించేదీ ఇదే. కొన్ని వారాల పాటు ఇది తప్ప మరేమీ చేయకపోయినా నష్టం లేదు. దుల్కీ చేయగలిగిన గుర్రమైతే మెత్తని నేల మీద కొద్దికొద్దిగా దుల్కీ చేయించడం కూడా మేలు చేస్తుంది. కాంటర్‌కు కావలసిన అడ్డకోణపు జత దానికి అక్కడ పరిచయమవుతుంది.

తరువాతి పని సవారు లేకుండానే జరగాలి. ఇరవై మీటర్ల వ్యాసం గల వలయంలో, పొడవాటి తాడుతో, మనిషి మధ్యలో నిలబడి గుర్రాన్ని చుట్టూ తిప్పుతాడు. గుర్రం సవారు బరువు లేకుండా తన శరీరాన్ని తాను సర్దుకోవడం నేర్చుకునేది ఇక్కడే. నడక నుంచి ఒక నిర్దిష్టమైన మాటతో, ఎప్పుడూ అదే మాటతో, అదే స్వరంతో కాంటర్ అడగాలి. మా దగ్గర "హప్" అంటాము. మొదట్లో గుర్రం రవాల్‌లో ఉరుకుతుంది. అప్పుడు తరమకూడదు, నెమ్మదిగా నడకకు తెచ్చి, ఊపిరి సర్దుకోనిచ్చి, మళ్ళీ అడగాలి. వేగంగా సాగే రవాల్ నుంచి కాంటర్‌లోకి నెట్టడమే మన వాళ్ళు చేసే అతి పెద్ద పొరపాటు; వేగం పెరిగిన కొద్దీ దానికి కాళ్ళు మార్చుకునే వ్యవధి తగ్గిపోతుందే గాని పెరగదు. నడకలో ఆ వ్యవధి ఉంటుంది.

ఇక్కడ నేలమీద పరిచే బాదు ఎంతో సాయం చేస్తుంది. వరంగల్ చుట్టుపక్కల నీలగిరి తోటలకు కొరత లేదు కనుక, జానెడు మందం, పది అడుగుల పొడవు గల నీలగిరి బాదు ఒకటి తెచ్చి, కాలు తగిలితే దొర్లకుండా రెండు వైపులా మట్టి ఎగదోసి, వలయంలో ఒక చోట పెట్టాలి. గుర్రం దాన్ని నడకలో నిర్భయంగా దాటడం అలవాటైన తరువాత, సరిగ్గా దాన్ని దాటబోయే ముందు కాంటర్ అడగాలి. బాదు దాటడానికి గుర్రం ముందు భాగాన్ని కొంచెం లేపి, వెనక కాళ్ళను ఒకదాని తరువాత ఒకటి లోపలికి వేసుకోవలసి వస్తుంది. ఆ కదలిక కాంటర్ మొదటి అడుగుకు చాలా దగ్గర. ఆ తరువాత దశలో తొమ్మిది పది అడుగుల ఎడంతో మూడు బాదులు వరుసగా పరిస్తే అడుగుల లయ దానంతట అదే స్థిరపడుతుంది. గుర్రం పొట్టిదైతే ఎడం తగ్గించాలి. కొంచెం ఎత్తుకు సాగే చల్క నేల దొరికితే ఇంకా మంచిది. ఎత్తుకు ఎక్కేటప్పుడు వీపును పల్లం చేసి ఉరకడం గుర్రానికి కష్టం, వెనక కాళ్ళతో నెట్టడం సులువు. దిగుడులో మాత్రం మొదటి నెలల్లో కాంటర్ అడగనే కూడదు.

సవారు ఎక్కిన తరువాత అడిగే పద్ధతి ఇది. ఎడమ వలయంలో, వలయం కంచె మూలకు చేరబోయే చోట, నడక నుంచి, కుడి వెనక కాలు ముందుకు వస్తున్న క్షణంలో సవారు తన కుడి కాలును తంగుకు (జీనును బిగించే కడుపు పట్టీకి) బెత్తెడు వెనకగా ఆనించి, ఎడమ కాలును తంగు దగ్గరే ఉంచి, ఇదివరకే నేర్పిన మాట పలకాలి. మూల కంచె గుర్రాన్ని నేరుగా ఉరకనివ్వదు, మలుపు దాన్ని సరైన కాలితో మొదలుపెట్టేలా చేస్తుంది. మూడు నాలుగు అడుగులు నిజమైన కాంటర్ వస్తే చాలు, అది చెడిపోకముందే నడకకు దించి, మెడ మీద రాసి, పగ్గం వదిలి తిరగనివ్వాలి. చెడిపోయిన తరువాత ఆపితే గుర్రం నేర్చుకునేది చెడిపోవడమే. రోజులు గడిచిన కొద్దీ ఆ అడుగులు పావు వలయం, అర వలయం, పూర్తి వలయం అవుతాయి. రెండు వైపులా సమానంగా చేయించాలి. చాలా గుర్రాలకు ఒక వైపు తేలికగా వస్తుంది, యజమానులు ఆ వైపే తిప్పుతూ మురిసిపోతారు.

సవారు చేతుల గురించి ఒక మాట విడిగా చెప్పాలి, ఎందుకంటే నా అనుభవంలో ఎక్కువ గుర్రాల కాంటర్ చెడేది అక్కడే. రవాల్‌లో గుర్రం తల పెద్దగా ఊగదు, అందువల్ల సవారు చేతులు ఒకే చోట స్థిరంగా పెట్టుకొని కూర్చోవడం అలవాటు చేసుకుంటాడు. కాంటర్‌లోనైతే ప్రతి అడుగుకూ తల ముందుకు కిందికి పోయి వెనక్కు వస్తుంది. చేతులు ఆ తలతో పాటు పోయి రాకపోతే ప్రతి అడుగులోనూ నోటికి దెబ్బ తగులుతుంది. నాలుగో అడుగుకు గుర్రం కాంటర్ వదిలి రవాల్‌లోకి పారిపోతుంది. అలాగే రికాబుల మీద నిలబడి మెడ మీదికి వంగడం కూడా సర్పట్‌కు పిలుపే. తుంటి భారం జీను మీద కొంచెం తేలిక చేయవచ్చు గాని భుజాలు నిటారుగానే ఉండాలి, చూపు గుర్రం చెవుల మధ్య నుంచి దూరంగా పోవాలి. వేగం పెరుగుతోందనిపిస్తే పగ్గాన్ని గుంజి పట్టుకోవడం కాక, ఒక్క క్షణం వేళ్ళు బిగించి వెంటనే వదలాలి, అవసరమైతే వలయాన్ని చిన్నది చేయాలి.

పరకాల వైపు నుంచి మా దగ్గరకు తెచ్చిన ఒక కుమ్మైదు (ఎర్రని గోధుమ రంగు) గుర్రం సంగతి ఇక్కడ చెబితే విషయం సులువుగా అర్థమవుతుంది. ఐదేళ్ళ ఆడ గుర్రం, అందమైన రవాల్, కాంటర్ అడిగితే మాత్రం తల సవారు ముఖానికి తగిలేంతగా లేపి ఉరికేది. వచ్చిన రోజు నోరు తెరిచి చూస్తే నాలుక అంచున అడ్డంగా మానిన కోత, కింది దవడ ఎముక మీద పొక్కు. జీను చెక్క ఒక పక్కకు వంగి, మెడ మొదట్లోని మిట్ట మీద సరిగ్గా ఆనుతోంది. మేము మొదట చేసిన పనల్లా లగాము తీసేసి ముక్కు మీది పట్టీతో నడిపించడం, జీను మార్చడం, ఉలవలు తగ్గించడం. పొక్కు మానిన తరువాత ముళ్ళు లేని, రెండు ముక్కలుగా కలిసిన నున్నని లగాము వేశాము. తాడు మీద చాలా కాలం బాదు వైపే రానంది. బాదుకు అవతల గడ్డిమోపు పెట్టి, దాని ఇష్టానికి వదిలేస్తే ఒక ఉదయం తానే దాటింది. మొదటిసారి సవారు కింద నిజమైన మూడు దెబ్బలు పడ్డప్పుడు దాని ముక్కు నుంచి ప్రతి అడుగుకూ ఒక "ఫుర్రు" మని శబ్దం మొదలైంది. కాంటర్‌లో గుర్రం ఊపిరి అడుగుతో ముడిపడి ఉంటుంది, అడుగుకు ఒక శ్వాస. బిగుసుకుపోయిన గుర్రం ఊపిరి పట్టుకుంటుంది, సడలిన గుర్రం ఇలా వదులుతుంది. చెవులు ముందూ వెనకా ఆడడం, తోక ఒకే లయలో ఊగడం, దవడ మెల్లగా నములుతూ ఉండడం, ఇవి కూడా చూడవలసిన గుర్తులు. వేగాన్ని ఫోన్‌లో కొలుచుకునే మన పిల్లలు వీటిని చూడడం నేర్చుకుంటే ఎంత బాగుండును.

కాంటర్ నేర్పితే రవాల్ పాడవుతుందన్న భయం చాలామందికి ఉంది. లక్షలు పోసి కొన్నది ఆ చాల్ కోసమే కనుక వారి భయాన్ని కొట్టిపారేయలేను. రెండింటికీ ఒకే సంకేతం వాడి, ఏది వస్తే దానికి సంతోషించే సవారు కింద రెండూ కలగాపులగం అవుతాయన్నది నిజమే. రవాల్‌కు రెండు కాళ్ళూ సమానంగా ఆనించడం, కాంటర్‌కు ఒక కాలు వెనకగా ఆనించి మాట పలకడం అని విడదీసి, కాంటర్ తరువాత ప్రతిసారీ నడకలోకి వచ్చి, ఆ తరువాతే రవాల్ అడిగితే గుర్రం పొరబడదు. అమెరికాలో టెన్నెసీ వాకింగ్ గుర్రాలనూ మిస్సోరీ ఫాక్స్ ట్రాటర్లనూ ప్రదర్శనలలో వాటి ప్రత్యేక చాల్‌తో పాటు కాంటర్‌లోనూ పరీక్షిస్తారు; ఊగే కుర్చీలో కూర్చున్నట్టు ఉండే కాంటర్‌కు టెన్నెసీ గుర్రాలు పేరు పడ్డాయి కూడా. పైగా కాంటర్ వల్ల నడుమూ వెనక కాళ్ళూ బలపడిన గుర్రం రవాల్‌ను మునుపటి కంటే ఎక్కువ దూరం నిలుపుకోగలుగుతుంది.

నేల, కాలం సంగతి క్లుప్తంగా చెబుతాను. సిమెంటు రోడ్ల మీద ఇనుప నాడాలతో కాంటర్ అడగడం కాళ్ళు విరగ్గొట్టుకోవడమే. వానాకాలంలో రేగడి పనికిరాదు. ఎండాకాలంలో చెరువు శిఖం చదునుగా కనిపించినా నెర్రెలలో గిట్ట ఇరుక్కుంటుంది. వరి కోసిన మడి మొయ్యలతో, గెట్లతో మోసం చేస్తుంది. రాళ్ళు ఏరిన చల్క నేల ఉత్తమం. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర తెల్లవారకముందే పని ముగించాలి. ఇక పది గుర్రాలు కలిసి ఉన్నచోట, అందులోనూ ఇంటి దారిలో, కొత్తగా నేర్చుకుంటున్న గుర్రాన్ని కాంటర్ అడగకూడదు. ముందు గుర్రం కదిలితే వెనక గుర్రం ఆగదు, అది దాని జాతి స్వభావం.

1310లో ఓరుగల్లు కోట ముందు మాలిక్ కాఫుర్ పుచ్చుకున్న కప్పంలో ఏనుగులతో పాటు గుర్రాలూ ఉన్నాయని మనం పిల్లలకు చెబుతూనే ఉంటాము. గుర్రాల మీద అంత పేరు మోసిన ఊరిలో ఇవాళ గుర్రం పళ్ళు చూడగలిగిన మనిషి కోసం హైదరాబాద్ దాకా ఫోన్ చేయవలసి వస్తోంది. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. ఏడాదికి రెండుసార్లు, మాలెగావ్ యాత్రకు ముందు ఒకసారి, అది ముగిసి కొత్త గుర్రాలు దిగిన తరువాత ఒకసారి, గుర్రాల యజమానుల కోసం అక్కడ ఒక శిబిరం పెడితే, పళ్ళు, వీపు, గిట్టలు, జీను అమరిక చూపించుకునే అవకాశం ఉత్తర తెలంగాణ మొత్తానికి దొరుకుతుంది. గ్లాండర్స్ వంటి ప్రాణాంతక వ్యాధికి రక్త పరీక్షలు చేయించుకోవడానికి కూడా యజమానులు అప్పుడే ముందుకు వస్తారు. కాంటా లగాములు వాడే వారి మీద 1965 నియమాలను అమలు చేయవలసిన బాధ్యత పోలీసు శాఖకూ పశుసంవర్ధక శాఖకూ ఉంది. దానికి కొత్త చట్టం ఏదీ అవసరం లేదు.

మీ పత్రికకు నా విన్నపం చిన్నది. దసరాకు, సంక్రాంతి జాతరలకు మీరు వేసే గుర్రాల ఫోటోలలో నోరు తెరిచి, తల ఆకాశానికి లేపి, నురగ కక్కుతున్న గుర్రాన్ని ఉత్సాహానికి గుర్తుగా చూపుతున్నారు. దయచేసి వచ్చే ఏడాది ఫోటో ఎంచేటప్పుడు నోరు మూసుకొని, మెడ దించి పరుగెత్తుతున్న గుర్రాన్ని ఎంచండి. శిబిరం విషయమై కళాశాల అధికారులు గాని, పశుసంవర్ధక శాఖ వారు గాని ఆసక్తి చూపితే, పది బాదులూ, పొడవాటి తాళ్ళూ, రెండు నెమ్మదైన గుర్రాలూ తెచ్చి చేసి చూపించడానికి నేనూ నా దగ్గర నేర్చుకున్న పిల్లలూ సిద్ధంగా ఉన్నాము. శిబిరం ఎండ ముదరకముందే మొదలు కావాలనీ, గుర్రాలను దింపడానికి లారీ ఎత్తుకు సమానమైన మట్టి దిబ్బ ఒకటి ముందే వేయించాలనీ మాత్రం కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సవారీ శిక్షకుడు,
హన్మకొండ